నెట్ స్పీడు దానంతట అదే కొలిచి, దూరంగా ఉన్నా మీకు చెప్పే ఏర్పాటు

(ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకున్న లబ్ధిదారుల కోసం. ఫోన్‌లో దాచుకుని, అవసరమైనప్పుడు చదువుకోండి. తోటివారికి పంపండి.)

మా అమ్మానాన్నలు ఊళ్లో ఉంటారు. నేను ఉద్యోగ రీత్యా జిల్లా కేంద్రంలో ఉంటాను. ఇద్దరి మధ్య 60 కిలోమీటర్లు. మా చెల్లి డీఎస్సీకి ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది, దానికి రాత్రి 8 గంటలకు ఆన్‌లైన్ క్లాసు. క్లాసు మొదలైన పావుగంటకు సారు బొమ్మ ఆగిపోతుంది, మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఒకరోజు మాక్ టెస్టు మధ్యలో నెట్ పోయి పేపరు దానంతట అదే సబ్మిట్ అయిపోయింది. నాన్న కంప్లయింట్ ఇచ్చారు. మర్నాడు పదకొండు గంటలకు కేబుల్ అబ్బాయి వచ్చి, తన ఫోన్‌లో స్పీడు చూపించి, "ఇప్పుడు బానే వస్తోంది కదా బాబాయ్" అని వెళ్లిపోయాడు. కంప్లయింట్ క్లోజ్. ఇలా మూడుసార్లు జరిగింది.

ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. పగలు పదకొండింటికి నిజంగానే బాగుంది. జబ్బు రాత్రి వస్తోంది, డాక్టరు పగలు వస్తున్నాడు, అంతే. (కనెక్షన్ ఏ కంపెనీదన్నది ఇక్కడ అప్రస్తుతం. ఏ కంపెనీ అయినా కథ ఇదే.)

నాన్న నాకు ఫోన్ చేసి, "నువ్వు ఆఫీసరువి కదరా, నువ్వే ఒక మాట చెప్పు" అన్నారు. ఏమని చెప్పను? ఎప్పటి నుంచి, రోజూ ఏ టైములో, ఎంతకు పడిపోతోంది అని అవతలివాళ్లు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆఫీసరు చెప్పినా, మామూలు మనిషి చెప్పినా, తేదీ టైము లేని ఫిర్యాదు ఒకటే. అప్పుడు చేసిన ఏర్పాటే ఈ పాఠం.

ముందు ఆ మూడు అంకెలు ఏమిటి

స్పీడ్ టెస్ట్ చేస్తే మూడు అంకెలు వస్తాయి. డౌన్‌లోడ్ అంటే బయటి నుంచి మన ఇంటికి వచ్చే వేగం. అప్‌లోడ్ అంటే మన ఇంటి నుంచి బయటికి వెళ్లే వేగం. వీడియో కాల్‌లో మన మొహం అవతలివాళ్లకు కనబడేది దీనివల్లే. పింగ్ అంటే చిన్న కబురు ఒకటి వెళ్లి తిరిగి రావడానికి పట్టే టైము, మిల్లీసెకన్లలో. ఇది తక్కువ ఉంటేనే మంచిది.

స్పీడును ఎంబీపీఎస్‌లో చెబుతారు. ఇందులో ఎంబీ అంటే మెగాబిట్, మనం సినిమా సైజు చెప్పే మెగాబైట్ కాదు. 8 మెగాబిట్లు కలిస్తే ఒక మెగాబైట్. అందుకని 30 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సెకనుకు 4 మెగాబైట్లలోపే దిగుతుంది. "30 అన్నారు, 4 కూడా రావట్లేదు" అని కొందరు సచివాలయంలో గొడవపడటం నేను చూశాను. చాలాసార్లు అక్కడ మోసమేమీ లేదు, లెక్కలో తేడా అంతే.

ఇంకొకటి గుర్తుంచుకోండి. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం మార్చింది. అంతకుముందు 512 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అనేవారు. ఇప్పుడు కనీసం 2 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ ఉండాలి. మీ లైను రోజూ ఏదో ఒక టైములో 2 కంటే కిందికి పడిపోతోందని చూపించగలిగితే, ఆ టైములో మీకు అందుతున్నది లెక్క ప్రకారం బ్రాడ్‌బ్యాండే కాదు. అర్జీలో ఈ ఒక్క వాక్యానికి బరువు ఉంటుంది.

ఏం కావాలి

కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. స్క్రీన్ పగిలి, మూల పడేసిన పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి చాలు. పాత ల్యాప్‌టాప్ ఉంటే మరీ మంచిది.

ఫోన్ అయితే టెర్మక్స్ అనే ఉచిత యాప్ ఉంది. అందులో చిన్న ప్రోగ్రాములు రాసి నడపొచ్చు. పైథాన్‌లో రాసిన ఉచిత స్పీడ్ టెస్ట్ ప్రోగ్రాం దొరుకుతుంది. దాన్ని ఎక్కించి, ఫలానా టైములకు నడపమని గడియారానికి కట్టేస్తే సరిపోతుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఈ గడియారం పని టాస్క్ షెడ్యూలర్ చేస్తుంది, లైనక్స్‌లో క్రాన్ చేస్తుంది. పేర్లు చూసి భయపడకండి. ఊళ్లో బీటెక్కో, డిగ్రీలో కంప్యూటర్సో చదివిన పిల్లలు ఒక పూట కూర్చుంటే చేసిపెడతారు. వాళ్లకు మీరు చెప్పాల్సింది ఇంతే: "ఈ టైములకు స్పీడు కొలవాలి. తేదీ, టైము, డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ ఒక వరుసగా ఫోన్‌లో రాసుకోవాలి. అదే వరుసను గూగుల్ షీట్‌కి పంపాలి."

షీట్‌కి పంపడం కష్టం కాదు. మీరు సర్వేలకు గూగుల్ ఫారం నింపి ఉంటారు కదా, నింపిన వివరాలన్నీ అవతల ఒక షీట్‌లో పడతాయి. ఇక్కడ ఆ ఫారాన్ని మనిషి బదులు ప్రోగ్రాం నింపుతుంది. షీట్ ఎక్కడి నుంచైనా తెరిచి చూసుకోవచ్చు. దుబాయ్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉన్న మీ పిల్లలు కూడా ఊళ్లో ఇంటి నెట్ ఎలా ఉందో చూడగలరు. షీట్ వద్దనుకుంటే టెలిగ్రాంలో మెసేజ్ వచ్చేలా పెట్టుకోవచ్చు. నేను రెండూ పెట్టుకుని, నాలుగు రోజులకే టెలిగ్రాం తీసేశాను. మీటింగ్ మధ్యలో రోజుకు ఐదుసార్లు టింగు టింగుమంటుంటే పక్కవాళ్లు చూడటం మొదలుపెట్టారు.

ఫోన్ పెట్టేటప్పుడు తప్పులు జరిగే చోట్లు ఇవి. సిమ్ తీసేయండి. సిమ్ ఉండి మొబైల్ డేటా ఆన్‌లో ఉంటే, వైఫై పోయిన మరుక్షణం ఫోన్ సిమ్ నెట్‌కి మారి దాని స్పీడు కొలుస్తుంది, మీ లెక్కంతా తప్పు. ఫోన్ రూటర్ ఉన్న గదిలోనే, పది అడుగుల లోపు ఉండాలి. రెండు గోడల అవతల పెడితే మీరు కొలిచేది లైనును కాదు, గోడల్ని. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్ ఆ యాప్‌కి వర్తించకుండా మార్చండి, లేకపోతే ఫోన్ రెండో రోజే దాన్ని నిద్రపుచ్చుతుంది. పాత ఫోన్ రాత్రింబవళ్లు ఛార్జింగ్‌లో ఉంటే బ్యాటరీ ఉబ్బొచ్చు, వారానికి ఒకసారి వెనకవైపు తడిమి చూడండి. ఉబ్బితే వెంటనే తీసేయండి.

మొదటి రోజు ఒక్కసారి ల్యాప్‌టాప్‌ని రూటర్‌కి వైరుతో కలిపి కొలిచి చూడండి. వైరుతో వచ్చిందీ, ఫోన్‌లో వచ్చిందీ దాదాపు ఒకటే అయితే ఫోన్ లెక్కను నమ్మొచ్చు. ఎందుకంటే కంప్లయింట్ ఇవ్వగానే మొదట వచ్చే మాట "మీ వైఫై ప్రాబ్లం అండీ" అని. ఆ మాటకు జవాబు ముందే మీ దగ్గర ఉండాలి.

రోజుకు ఎన్నిసార్లు?

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. స్పీడ్ టెస్ట్ ఊరికే జరగదు, డేటా తింటుంది. 30 ఎంబీపీఎస్ లైనులో డౌన్‌లోడ్‌ను ఒక 10 సెకన్లు కొలిస్తే సుమారు 37 మెగాబైట్లు పోతాయి. అప్‌లోడ్‌కి అంతే. ఒక టెస్టుకు 75 మెగాబైట్లు అనుకోండి. గంటకోసారి పెడితే రోజుకు 1.8 జీబీ, నెలకు 54 జీబీ. మీ ప్లాన్‌లో నెలకు ఇన్ని జీబీలే పూర్తి స్పీడు అని హద్దు ఉంటే, నెల మధ్యలోనే ఆ హద్దు దాటి స్పీడు పడిపోతుంది. స్పీడు ఎందుకు తగ్గిందా అని వెతికే పనే స్పీడు తగ్గించినట్టవుతుంది. లైను వేగం ఎక్కువైన కొద్దీ ఈ ఖర్చూ పెరుగుతుంది.

రోజుకు ఐదుసార్లు చాలు. నెలకు సుమారు 11 జీబీలో అయిపోతుంది. నేను పెట్టుకున్న టైములు: తెల్లవారుజామున 5, పగలు 11, సాయంత్రం 5, రాత్రి 8:30, రాత్రి 10. వీటిలో తెల్లవారుజాము 5 ముఖ్యం. ఆ టైములో ఇంట్లో ఎవరూ వీడియోలు చూడరు, ఊళ్లోనూ చూడరు. అప్పుడు వచ్చే అంకె మీ లైను అసలు సత్తువ. రాత్రి 8:30కి వచ్చే అంకెను దీనితో పోల్చాలి. రాత్రి టెస్టు జరిగే ఆ అర నిమిషం ఇంట్లో టీవీ బాక్సులో సినిమా నడుస్తుంటే అంకె తగ్గుతుంది, అది కంపెనీ తప్పు కాదు. మా ఇంట్లో రెండు వారాలు అమ్మ సీరియల్ ఫోన్‌లో కాకుండా కేబుల్‌లో చూసింది, నా లెక్క కోసం.

టెస్టు ఏ ఊరి సర్వర్‌తో జరగాలన్నది కూడా ఒకటే ఖాయం చేయండి, హైదరాబాద్‌దో విజయవాడదో. ప్రోగ్రాంను దాని ఇష్టానికి వదిలేస్తే ఒకసారి ఒక సర్వర్, ఇంకోసారి ఇంకో సర్వర్ పట్టుకుంటుంది. అప్పుడు ఈ రోజుకూ నిన్నటికీ పోలిక ఉండదు.

నెట్టే పోతే రిపోర్టు ఎలా వస్తుంది?

రాదు. దూరం నుంచి చూసే ఏ ఏర్పాటుకైనా ఉన్న పెద్ద చిక్కు ఇదే. చెప్పాల్సిన కబురు "నెట్ లేదు" అని, ఆ కబురు వెళ్లాల్సింది ఆ నెట్ మీదే.

అందుకే ప్రతి వరుసా ముందు ఫోన్‌లో రాసుకోవాలి, తర్వాతే షీట్‌కి పంపాలి. పంపడం కుదరకపోతే దాచుకుని, నెట్ వచ్చాక పాతవన్నీ కలిపి పంపాలి. ప్రోగ్రాం రాసే పిల్లలకు ఇది గట్టిగా చెప్పండి. నాకు మొదట తట్టలేదు. గాలివాన వచ్చిన రోజు నెట్ ఆరు గంటలు లేకపోతే షీట్‌లో ఖాళీ తప్ప ఏమీ మిగల్లేదు. ఆ ఖాళీ నెట్ పోవడం వల్లా, కరెంటు పోవడం వల్లా, ఫోన్ ఆగిపోవడం వల్లా? చెప్పలేకపోయాను. కంపెనీవాళ్లు "కరెంటు లేదండీ ఆ రోజు" అన్నారు. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

పాత ఫోన్ వల్ల ఉన్న లాభం అప్పుడు తెలిసింది. ఫోన్‌కు సొంత బ్యాటరీ ఉంది. కరెంటు పోయినా అది నడుస్తూనే ఉంటుంది. ఆ క్షణంలో ఫోన్ ఛార్జ్ అవుతోందా లేదా అన్నది కూడా వరుసలో ఒక గడిగా రాయమన్నాం. ఇక లెక్క తేలిక. ఛార్జింగ్ లేదు, నెట్ లేదు అంటే కరెంటు పోయింది, రూటర్ ఆగింది, ఎవరినీ అనక్కర్లేదు. ఛార్జింగ్ ఉంది, నెట్ లేదు అంటే లోపం లైనుది. ఈ ఒక్క గడి మాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

ఇలా ఇళ్లలో యంత్రం పెట్టి దానంతట అదే కొలిపించడం కొత్త సంగతి కాదు. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, ఒప్పుకున్న ఇళ్లలో చిన్న బాక్సులు పెట్టించి, కంపెనీలు చెప్పిన స్పీడుకూ నిజంగా అందుతున్న స్పీడుకూ తేడా ఎంతో 2011 నుంచి నివేదికలుగా అచ్చు వేసింది. మన ట్రాయ్ 2016లో మైస్పీడ్ యాప్ తెచ్చింది. అది ఉచితమే, వాడండి, కానీ మనం నొక్కినప్పుడే కొలుస్తుంది. రాత్రి 8:30కి రోజూ గుర్తుపెట్టుకుని నొక్కేది ఎవరు?

షీట్ చదవడం

రెండు వారాల లెక్క చేతికొచ్చాక, అంకెలకంటే వాటి తీరు చూడండి.

తెల్లవారుజామున 28, పగలు 26, రాత్రి 8:30కి 3 లేదా 4, మళ్లీ తెల్లవారితే 28. మా ఇంటి షీట్‌లో రోజూ ఇదే తీరు. ఇది ఇంటి వైరు లోపం కాదు, రూటర్ లోపం కాదు. అవి పాడైతే తెల్లవారుజామున మాత్రం బాగుండవు కదా. అందరూ ఒకేసారి వాడే టైములో దారి ఇరుకవుతోందన్నమాట. ఆ ఇరుకు ఎక్కడో కూడా కొంత లెక్క కట్టొచ్చు. జీపాన్ పద్ధతి ఫైబర్‌లో ఒక తీగ మీద సుమారు 2,488 ఎంబీపీఎస్ వస్తుంది, దాన్ని వీధిలో చిన్న డబ్బా దగ్గర 32 లేదా 64 ఇళ్లకు చీలుస్తారు. 64 ఇళ్లూ ఒకే క్షణంలో వాడినా ఇంటికి 38 దాకా రావాలి. 3 వస్తోందంటే ఇరుకు సాధారణంగా మన వీధిలో ఉండదు, ఆ పైన కంపెనీ ఊరికి తెచ్చుకున్న పెద్ద దారిలో ఉంటుంది. కేబుల్ అబ్బాయి నిచ్చెన వేసుకుని ఎక్కినా బాగుపడేది కాదు. కంప్లయింట్ అతని మీద కాదు, పైకి వెళ్లాలి.

రోజంతా ఒకేలా తక్కువగా ఉంటే వేరే సంగతి. నెల మొదట్లో బాగుండి ఒక తేదీ నుంచి పడిపోయి, మళ్లీ బిల్లు తేదీకి బాగుపడితే అది డేటా హద్దు. ప్లాన్ కాగితం చూసుకోండి. అలా కాకుండా ఎప్పుడూ తక్కువే అయితే ప్లాన్ తప్పు పడిందేమో అడగండి.

మధ్యమధ్యలో పూర్తిగా పోయి వస్తుంటే, అదీ గాలి వీచినప్పుడూ వాన పడినప్పుడూ అయితే, తీగనో కనెక్టర్‌నో అనుమానించాలి. మన రాష్ట్రంలో 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ సహా చాలా లైన్లు కరెంటు స్తంభాల మీదుగానే నడుస్తాయి. అలా లాగడం వల్ల తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో మారుమూల ఊళ్లకూ ఫైబర్ వచ్చింది. కానీ గాలికి ఊగేదీ, కొమ్మ పడితే తెగేదీ అదే తీగ. రూటర్ మీద ఎర్ర లైటు వెలిగితే వెలుతురు సిగ్నల్ ఇంటిదాకా రావట్లేదని అర్థం. లైటు వెలగకపోయినా, వచ్చిన మనిషిని "పవర్ రీడింగ్ ఎంత ఉంది" అని అడగండి. డీబీఎంలో చెబుతాడు. మైనస్ 20, మైనస్ 22 అలా ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దాటి మైనస్ 28, 29 అంటే సిగ్నల్ నీరసించింది, ఎక్కడో కనెక్టర్ మురికిపట్టిందో, తీగ బాగా వంగిందో. ఈ ఒక్క ప్రశ్న అడిగితే వచ్చిన మనిషి మీతో మాట్లాడే తీరే మారుతుంది.

కంప్లయింట్ ఎలా రాయాలి

షీట్ మొత్తం పంపకండి, ఎవరూ చదవరు. నాలుగు వాక్యాలు రాసి షీట్ ఫొటో ఒకటి జతచేయండి. మేము రాసింది ఇలా ఉంది:

"మా ప్లాన్ 30 ఎంబీపీఎస్. 14 రోజుల పాటు రోజుకు 5 సార్లు, రూటర్ పక్కనే కొలిచాం. ఉదయం 5 గంటలకు ఏ రోజూ 25 కంటే తగ్గలేదు. రాత్రి 8:30కి 14 రోజుల్లో 12 రోజులు 5 కంటే తక్కువ వచ్చింది. ఇది కాక కరెంటు ఉండగా 4 సార్లు నెట్ పూర్తిగా పోయింది, తేదీలు జతచేశాం. రాత్రి 8, 9 గంటల మధ్య మనిషిని పంపి చూడవలసిందిగా కోరుతున్నాం."

ఆ చివరి వాక్యం మర్చిపోవద్దు. కంప్లయింట్ ఇచ్చినప్పుడు డాకెట్ నంబరు తప్పకుండా అడిగి రాసుకోండి. నంబరు లేకపోతే కంప్లయింట్ ఇవ్వనట్టే లెక్క. పరిష్కారం కాకుండానే క్లోజ్ చేస్తే, అదే కంపెనీలోని అప్పీలు అధికారికి 30 రోజుల్లోగా రాయొచ్చు. ప్రభుత్వ పథకం కింద ఇచ్చిన కనెక్షన్ అయితే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో ఇవ్వొచ్చు, 1100కి ఫోన్ చేసి కూడా నమోదు చేయించుకోవచ్చు. వీధిలో నాలుగైదు ఇళ్లవాళ్లు ఇలాగే కొలిచి కలిసి ఇస్తే, "మీ ఒక్కరికే" అనే మాట రాదు.

ఒక హెచ్చరిక. స్పీడు కొలవడానికి ఆధార్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. "స్పీడు పెంచుతాం, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. షీట్ లింకు వాట్సాప్ గ్రూపుల్లో పడేయకండి. మీ ఇంట్లో కరెంటు ఎప్పుడు ఉంటుంది, నెట్ ఎప్పుడు ఉంటుంది అనేది ఊరందరికీ తెలియక్కర్లేదు. చూడాల్సిన ఇద్దరు ముగ్గురికే అనుమతి ఇవ్వండి.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. నాలుగోసారి ఇచ్చిన కంప్లయింట్‌కి మనిషి రాత్రి 8:20కి వచ్చాడు. స్తంభం మీద డబ్బాలో కనెక్టర్ మార్చాడు, రీడింగ్ మైనస్ 28 నుంచి మైనస్ 21కి వచ్చింది. మధ్యలో నెట్ పోవడం ఆగింది. రాత్రి ఇరుకు గురించి, "అది నా చేతిలో లేదు బాబాయ్, పైకి రాస్తా" అన్నాడు, రాశాడు కూడా. నెల తర్వాత రాత్రి స్పీడు 3 నుంచి 11కి పెరిగింది. 30 ఇంకా రాలేదు, అప్పీలు నడుస్తోంది. చెల్లి క్లాసు మాత్రం ఆగకుండా వస్తోంది. ఫోన్ ఇంకా రూటర్ పక్కనే ఉంది.

ఈ ఏర్పాటు పెట్టుకోవడంలో సందేహం ఉంటే మీ గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ను అడగండి. వెళ్లేటప్పుడు ప్లాన్ కాగితం, పాత ఫోన్, దాని ఛార్జర్ తీసుకెళ్లండి.